ఇంజనీరింగు విద్యలో సహాధ్యయనము

ప్రతి సంవత్సరమును ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడి, కౌన్సెలింగు ముగిసినంతనే, సిద్దిపేట జిల్లాలోని జగదేవ్‌పూర్ మండలమునుండియు, చుట్టుపట్ల గ్రామములనుండియు యువతీయువకులు పెట్టెలు సర్దుకొని హైదరాబాదు నగరము చుట్టునున్న ఇంజనీరింగు కళాశాలలకు బయలుదేరుచున్నారు. ఆ సమయమున వారి తలిదండ్రులు అడుగు ప్రశ్నలు మూడు. ఏ శాఖలో సీటు దొరకినది? రుసుమెంత? చదువు ముగిసిన పిదప ఉద్యోగము వచ్చునా? బిడ్డ చదువుకై ఎకరమో అరయెకరమో అమ్ముకొను రైతు ఈ ప్రశ్నలు అడుగుట న్యాయమే. ఐనను ఈ మూడింటికంటె ముందుగా అడుగవలసినదియు, ఎవరును అడుగనిదియునగు ప్రశ్న మరియొకటి కలదు. మా బిడ్డ అచ్చట ఎవరితో కలిసి చదువును?

ఈ ప్రశ్న అల్పమైనదని కొందరు తలపవచ్చును. విద్య గురువువలన వచ్చును, లేదా స్వయంకృషివలన వచ్చును, నడుమ తోడి విద్యార్థుల ప్రసక్తి యేల యని వారి భావము. మా అభిప్రాయము వేరు. ఇంజనీరింగు కళాశాలలో పల్లెటూరి విద్యార్థి నెగ్గుటయో ఓడుటయో పెక్కు సందర్భములలో ఈ ఒక్క ప్రశ్నకు దొరకు సమాధానముపై ఆధారపడియున్నది. దానిని నేడు మనము అదృష్టమునకు వదలివైచితిమి. విశ్వవిద్యాలయములు దానిని తమ బాధ్యతగా స్వీకరింపవలయునని చెప్పుటకే ఈ వ్యాసము.

నగరమున పెరిగిన విద్యార్థికి కళాశాలలో కాలు పెట్టుసరికే తోడు సిద్ధముగనుండును. అన్నయో, పినతండ్రి కుమారుడో అదే చదువు చదివియుండును. ఇంటర్మీడియట్టునాటి మిత్రులు పక్క బల్లమీదనే కూర్చుందురు. జగదేవ్‌పూర్ ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థి తరచుగా తన ఇంట ఇంజనీరింగు చదువు మొదటివాడు. పదవ తరగతివరకు తెలుగున చదివియుండిన, 60 మందియున్న తరగతిలో ఇంగ్లీషున సాగు ఉపన్యాసము అతనికి సగము అర్థమగును, సగము కాదు. అందరియెదుట లేచి ప్రశ్నించుటకు జంకును. సాయంకాలము గదిలో పుస్తకము తెరచి ఒంటరిగా కూర్చుండును. మొదటి సంవత్సరమున రెండు మూడు విషయములు తప్పి బాక్‌లాగులు మిగిలినంతనే, తనకు తెలివి చాలదని నిశ్చయించుకొనును. చాలనిది తెలివి కాదు, తోడు. ఈ భేదము అతనికి చెప్పువారు లేరు.

ఈ ఒంటరితనము కళాశాలలోనే పుట్టినదికాదు. దానికి బీజము ఇంటర్మీడియట్టులోనే పడుచున్నది. వారమువారము పరీక్షలు, మార్కుల వరుస, గోడమీద ర్యాంకుల పట్టిక! పక్కవానికి ఒక మార్కు పెరిగిన తనకు ఒక మెట్టు తగ్గునను లెక్కతో రెండేండ్లు పెరిగిన బాలుడు తన కెరుకైన కిటుకును తోడివానికేల చెప్పును? ఈ శిక్షణతో వచ్చినవారు కళాశాలలో జ్ఞానమును పంచుకొనరు, జవాబులను మాత్రము పంచుకొందురు. ఒకని ల్యాబు రికార్డును పదిమంది దింపుకొనుట వాడుకయైనది. చివరి సంవత్సరపు ప్రాజెక్టులను రొక్కమునకు తయారుచేసియిచ్చు దుకాణములు అమీర్‌పేట వీథులలో వెలసినవన్న సంగతి విద్యార్థిలోకమున రహస్యముకాదు. కలిసి చదువుట నేర్పని చోట కలిసి దొంగిలించుట అలవడినది.

సహాధ్యయనమనగా గుంపుగా కూర్చుండుట కాదని ఇచ్చట స్పష్టపరుపవలసియున్నది. నలుగురు విద్యార్థులు ఒక కఠినమైన సమస్యను ముందుంచుకొని, ఒకరికొకరు వివరించుకొని, ఒకరి తప్పును మరియొకరు పట్టి దిద్ది, తుదకు నలుగురును దానిని విడివిడిగా సాధింపగలుగువరకు శ్రమించుట సహాధ్యయనము. వివరించినవానికి విషయము గట్టిపడును. విన్నవానికి సందేహము తీరును.

ఇది పరదేశమునుండి దిగుమతియైన పద్ధతియని భ్రమింపనక్కరలేదు. విద్యలో ఒక పాదము గురువువలనను, ఒక పాదము స్వబుద్ధివలనను, ఒక పాదము సహాధ్యాయులవలనను, మిగిలిన పాదము కాలక్రమమునను లభించునని మన పెద్దలు లెక్కగట్టిరి. గురువునకెంత భాగమిచ్చిరో తోడి విద్యార్థికిని అంత భాగమే యిచ్చుట గమనింపదగినది. ఇది శాస్త్రమునకే పరిమితము కాలేదు. మన వీథిబడులలో పెద్ద విద్యార్థులు చిన్నవారికి అక్షరములు దిద్దించుట, ఎక్కములు వల్లెవేయించుట రివాజు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయవిద్యనుగూర్చి వివరములు కోరగా, 1823లో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ నివేదిక పంపెను. నేటి అనంతపురపు సీమ ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 పాఠశాలలున్నట్లు లెక్క చెప్పుచు, ముందు నేర్చినవారు వెనుకవారికి బోధించుచు తమ జ్ఞానమును దృఢపరచుకొను ఆ పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. ఇంగ్లండు దానిని అనుకరించుట తగియున్నదనియు వ్రాసెను.

ఆయన చెప్పిన అనుకరణమునకు చరిత్ర కలదు. 1789 మొదలు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగనుండిన ఆండ్రూ బెల్, దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో అక్షరములు వ్రాయుట చూచి, ఆ తీరును తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, బాలురచేతనే బాలురకు చదువు చెప్పించెను. 1797లో దానినిగూర్చి లండనులో గ్రంథము ప్రకటించెను. ఆ విధానము మద్రాసు పద్ధతియను పేర ఇంగ్లండున వ్యాపించినది. మన వీథి అరుగుమీదినుండి సీమకు పోయిన పద్ధతిని మన ఇంజనీరింగు కళాశాలలు మరచుట విచారకరము.

ఐతే ప్రాచీనమైనది గనుక మంచిదని మేము వాదింపము. ఆధునిక పరిశీలనలు ఏమి చెప్పుచున్నవో చూతము. 1970 దశకమున అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున ఊరీ ట్రైస్‌మన్ అను గణితాధ్యాపకుడు ఒక చిక్కును పరిశోధించెను. పాఠశాలలో చక్కగా రాణించివచ్చిన నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో తప్పుచుండిరి. చైనా సంతతి విద్యార్థులు నెగ్గుచుండిరి. పేదరికము, సోమరితనము, పూర్వవిద్యాలోపము అని తలకొక కారణము చెప్పుచుండ, ఆయన ఆ విద్యార్థుల వెంటనుండి వారు చదువు తీరును కనిపెట్టెను. చైనా సంతతివారు ఒంటరిగా చదివిన పిదప ఒకచోట కూడి, ఒకరి లెక్కలు ఒకరు సరిచూచుకొనుచుండిరి. నల్లజాతి విద్యార్థులు ఎంతో శ్రమించుచుండిరిగాని, ఆ శ్రమయంతయు ఒంటరిశ్రమ. తాము ఎచ్చట తప్పుచున్నామో వారికి పరీక్షదాక తెలియదు. ట్రైస్‌మన్ వారికొరకు చిన్న బృందములు ఏర్పరచెను. ఆ బృందములకు సులభమైన పాఠములు కాక, మామూలుకంటె కఠినమైన లెక్కలనే యిచ్చెను. వారి ఫలితములు గణనీయముగ మెరుగుపడెను. ఈ వృత్తాంతమున బర్కిలీ స్థానమున హైదరాబాదును, ఆ విద్యార్థుల స్థానమున మన పల్లెటూరి బిడ్డలను నిలిపి చూచిన, పాఠకులకు మా భావము వేరుగా చెప్పనక్కరలేదు.

1990 దశకపు ఆరంభమున హార్వర్డులో ఎరిక్ మజూర్ అను భౌతికశాస్త్రాచార్యుడు తన ఉపన్యాసమును నడుమనడుమ ఆపి, ఒక ప్రశ్న వైచి, ప్రతివానిచేతను జవాబు చెప్పించి, పిమ్మట పక్కవానితో చర్చింపజేసి, మరల జవాబు అడుగు పద్ధతిని నెలకొల్పెను. ముప్పదియేండ్ల క్రిందట విషయము నేర్చిన ఆచార్యునికి అందులోని చిక్కు జ్ఞప్తియందుండదు. అయిదు నిమిషముల క్రిందట నేర్చిన సహపాఠికి ఆ చిక్కు ఎచ్చటనున్నదో బాగుగ తెలియును. ఇదియే ఆ పద్ధతిలోని మర్మము. 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు పత్రికలో వెలువడిన ఒక సమీక్ష, విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు, గణిత తరగతులకు సంబంధించిన 225 పరిశోధనలను పోల్చిచూచినది. కేవలము ఉపన్యాసములు వినిన తరగతులలో నూటికి సుమారు 34 మంది తప్పగా, విద్యార్థులచేత పనిచేయించి, చర్చింపజేసిన తరగతులలో సుమారు 22 మంది తప్పిరి. ఆ 12 మందిలో మన ఇంటి బిడ్డ ఉండవచ్చును గదా!

తక్కిన విద్యలకంటె ఇంజనీరింగునకు ఈ పద్ధతి మరింత ఆవశ్యకము. కారణము జగదేవ్‌పూర్ వాసుల కన్నులయెదుటనే యున్నది. ఈ మండలమందలి తీగుల్ నర్సాపూర్‌లో వెలసిన కొండపోచమ్మ తల్లి పేరుతో, పొరుగున మర్కూక్ వద్ద 15 టి. ఎం. సి. ల జలాశయము వెలసి, 2020 మే 29న ప్రారంభమైనది. గోదావరి జలములను మెట్టుమీద మెట్టుగ ఎత్తి, సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తునకు చేర్చు ఏర్పాటది. అందులో నేలను పరీక్షించువాడు వేరు, కట్టను రూపించువాడు వేరు, పంపులు నిలుపువాడు వేరు, విద్యుత్తు నడుపువాడు వేరు. ఏ ఒక్కని తెలివితోను ఆ నీరు పైకి రాదు.

అదే పథకపు మరియొక కొనను చూడుడు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజులో 7వ బ్లాకు స్తంభములు కుంగినవి. తరువాతి నెలలో జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ పంపిన నివేదిక, ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతా పరిశీలన, నిర్వహణ అను నాలుగింటియందును లోపములున్నవని పేర్కొనెను. దోషము ఎవరిదను రాజకీయ వివాదమున మేమిప్పుడు ప్రవేశింపము. విద్యకు సంబంధించినంతవరకు ఒక్కటే మాట. నాలుగు పనులును నలుగురివి. ఒకని పనిలోని లోపమును మరియొకడు సకాలమున పట్టుకొని నిర్భయముగ చెప్పగల అలవాటు ఏ కట్టడమునకైనను సిమెంటువలె అవసరము. ఆ అలవాటు ఉద్యోగమున చేరిన పిదప రాదు. పందొమ్మిదవ యేట, నలుగురు సహపాఠుల నడుమ, నీ లెక్క తప్పని చెప్పుటకును, చెప్పించుకొనుటకును నేర్చినవానికే అది పట్టుబడును. నాలుగేండ్లు ఒంటరిగా పరీక్షలు వ్రాయించి, అయిదవయేట బృందముగ పనిచేయుమని యువకుని ఆజ్ఞాపించుట ఈత నేర్పక నదిలోనికి త్రోయుటవంటిది.

నియమములు దీనిని గుర్తింపకపోలేదు. 2014 జూనులో మన దేశము వాషింగ్టన్ అకార్డను అంతర్జాతీయ ఒడంబడికలో పూర్తి సభ్యత్వము పొందినది. ఇంజనీరింగు పట్టభద్రునకు వ్యక్తిగానేకాక బృందములోను పనిచేయు సామర్థ్యముండవలయునని ఆ ఒడంబడిక చెప్పుచున్నది. కళాశాలలు తమ నివేదికలలో ఈ వాక్యమును అందముగ అచ్చువేయించుచున్నవి. దినచర్యలో దానికి గంట కేటాయించినవి ఎన్ని? జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము, హైదరాబాదువారి 2022 నియమావళిలో ఒక్కొక్క విషయమునకు 40 మార్కులు కళాశాలలోని మూల్యాంకనమునకును, 60 మార్కులు తుది పరీక్షకును ఉద్దేశింపబడినవి. ఆ 40లో కొంత భాగమును సహాధ్యయనమునకు ముడిపెట్టుటకు కొత్త చట్టము అక్కరలేదు, కొత్త భవనము అక్కరలేదు. కావలసినది సంకల్పము.

దీనికి చెప్పబడు ఆక్షేపణలు మూడు. మొదటిది, ఒకడు శ్రమించుచుండ ముగ్గురు పేర్లు వ్రాసికొందురని. ఇది నిజమైన భయమే. నేటి ప్రాజెక్టులలో జరుగుచున్నదదియే. దానికి విరుగుడు కలదు. పని బృందముగ చేయించి, పరీక్ష విడివిడిగ పెట్టవలయును. నలుగురిలో ఎవరిని పిలుతురో ముందుగా చెప్పక, పిలువబడినవాడు బృందముయొక్క పనినంతయు వివరింపవలెనను నియమముంచిన, తెలిసినవాడే తక్కినవారికి పట్టుబట్టి నేర్పును. కృత్రిమ మేధ యంత్రములు ఇంటిపనికి క్షణమున జవాబులు వ్రాసియిచ్చుచున్న ఈ దినములలో కాగితముమీది జవాబును నమ్ముట కష్టము. ఎదుట నిలిచి నోటితో వివరించుటయే గట్టి నిదర్శనము.

రెండవది, తెలివిగలవాడు వెనుకబడునని. నేర్పినవాడు రెండుమార్లు నేర్చునన్నది మన వీథిబడులే రుజువు చేసినవి. మూడవది, పాఠ్యభాగము పూర్తికాదని. అధ్యాపకుడు పూర్తిచేసిన పాఠము విద్యార్థియందు పూర్తికానిచో ఆ పూర్తికి అర్థమేమి?

ఇంతకంటె కఠినమైన చిక్కు మరియొకటి కలదు. దానిని దాచుట తగదు. విద్యార్థులను వారి యిష్టమునకు విడిచిన, బృందములు కులమునుబట్టియు, జిల్లానుబట్టియు, చదివిన మాధ్యమమునుబట్టియు ఏర్పడును. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టలు వెలసినపుడు, తెలంగాణపు పల్లెలనుండి నగరమునకు వచ్చిన విద్యార్థులకు నీడయు తోడును దొరకినవి. అట్టి వసతిగృహములు చేసిన మేలు కాదనరానిది. కాని తన కులమునకు వసతిగృహము లేని బిడ్డకు తోడెవరు? ప్రజాధనముతో నడచు విద్యలో ఆ తోడు పుట్టుకనుబట్టి లభింపరాదు. కావున బృందములను అధ్యాపకుడే కూర్పవలయును; మార్కులు హెచ్చువారిని తక్కువవారిని, పట్టణమువారిని పల్లెవారిని కలిపి కూర్పవలయును. నలుగురు యువకుల నడుమ ఒక్క యువతిని మాత్రముంచి, ఆమెను వ్రాతపనికి పరిమితము చేయు దురాచారమును మానవలయును. సహాధ్యయనమునకు స్థలము, వేళ పగటి దినచర్యలోనే యుండవలయును. లేనియెడల సంధ్యకు మూయబడు హాస్టలులోని యువతులును, బస్సుకై పరుగిడు దూరపు విద్యార్థులును దానికి దూరమగుదురు.

భాషా విషయమును ఇందులోనిదే. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు మొదలగు దేశభాషలలో ఇంజనీరింగు బోధించుటకు అనుమతించినది. ఆ మార్గము విస్తరించుటకు కాలము పట్టును. అంతవరకు పాఠము ఇంగ్లీషున వినిన విద్యార్థి దానిని తెలుగున చర్చించుటకు అడ్డేమున్నది? నలుగురు తెలుగు బిడ్డలు తమ భాషలో వాదించి అర్థము చేసికొని, ఇంగ్లీషున వ్రాసిన, రెండు భాషలును వారికి లాభించును. బృందములోనైనను తెలుగు మాటాడరాదని శాసించు కళాశాలలు విద్యార్థి నోటినే కాదు, ఆలోచననుకూడ కట్టివేయుచున్నవి.

సాధనములు ఉన్నంతమాత్రమున ఈ లోటు తీరదని బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు చరిత్ర తెలుపుచున్నది. గ్రామీణ విద్యార్థులకు పదవ తరగతి కాగానే ఆరేండ్ల సాంకేతిక విద్య నొసగుటకు 2008లో వెలసిన సంస్థ అది. తొలి సంవత్సరములలో ప్రతి విద్యార్థికిని ల్యాప్‌టాపు నిచ్చి, నమోదుచేసిన పాఠములను వినిపించిరి. ఉద్దేశము గొప్పది. ఐనను 2022 జూనులో అక్కడి విద్యార్థులు వేలసంఖ్యలో బయట బైఠాయించి, అధ్యాపకులకొరకును, శాశ్వత ఉపాధ్యక్షునికొరకును, కనీస వసతులకొరకును ప్రశాంతముగ ఉద్యమింపవలసివచ్చినది. యంత్రము పాఠము చెప్పగలదు. సందేహపడిన విద్యార్థి ముఖము చూచి ఆగుట దానికి చేతగాదు. 2020లో కోవిడు కారణమున కళాశాలలు మూతపడి, పాఠములు చేతిఫోనులలోనికి వచ్చినపుడు ప్రతి పల్లెయు ఈ సత్యమును అనుభవించినది. సహాధ్యయనము పేర అధ్యాపకుల ఖాళీలను నింపక వదలుటకు ప్రభుత్వములు ప్రయత్నించిన, అదియు అన్యాయమే. ముందే చెప్పిన నాలుగు పాదములలో ఒకటి మరియొకదానికి బదులు కాదు.

కావున మేము కోరునది ఇది. విశ్వవిద్యాలయములు మొదటి సంవత్సరపు గణితమునకును, భౌతికశాస్త్రమునకును, యంత్రశాస్త్రమునకును వారమునకు రెండు గంటల బృందాధ్యయనము నిర్ణయింపవలయును. ఆ గంటలలో అధ్యాపకుడు ఉపన్యసింపక, బృందములనడుమ తిరుగుచుండవలయును. పై తరగతుల విద్యార్థులను కొద్ది పారితోషికముతో సహాయకులుగ నియమింపవలయును. రుసుముల తిరిగి చెల్లింపు పథకము క్రింద ప్రజలధనము పొందు ప్రతి కళాశాలయు, మొదటి సంవత్సరమున తప్పినవారు ఎందరో, వారు ఏ మాధ్యమమున చదివివచ్చిరో ఏటేట ప్రకటింపవలయును. ధనమిచ్చు ప్రజలకు లెక్క అడుగు హక్కు కలదు.

జగదేవ్‌పూర్ పెద్దలు చేయవలసినదియు కొంత కలదు. సెలవులలో ఇండ్లకు వచ్చు ఇంజనీరింగు విద్యార్థులు ఊరిలో విడివిడిగ కాలము గడుపుచున్నారు. గ్రంథాలయమునగాని, పాఠశాలలోగాని ఒక గదియు, ఒక నల్లబల్లయు వారికిచ్చి, మూడవ సంవత్సరమువారిచేత మొదటి సంవత్సరమువారికిని, మొదటి సంవత్సరమువారిచేత ఇంటర్మీడియట్టువారికిని చెప్పించుట కష్టమా? చెరువుకట్ట తెగిననాడు ఊరంతయు ఒక్కటై మన్ను మోసిన పల్లెలివి. బిడ్డను కళాశాలలో చేర్చుటకు పోవు తండ్రి ఇకమీదట రుసుము రసీదు తీసికొని తిరిగిరాక, అధ్యక్షునియెదుట నిలిచి, మా బిడ్డ ఎవరితో కలిసి చదువునని అడుగవలెనని మా విన్నపము. వందమంది తండ్రులు అడిగిననాడు కళాశాలలు జవాబు వెదకుకొనక తప్పదు.